చిన్న పిస్టల్, పెద్ద చర్చ: పీపీకే నుంచి ఫిల్మ్‌నగర్ సెట్ దాకా

అరచేతిలో ఇమిడే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ గురించి మన దగ్గర మూడు చర్చలు, ఒకదాని మాట ఒకదానికి వినపడకుండా సాగుతున్నాయి. తుపాకుల నిర్మాణం మీద ఆసక్తి ఉన్నవాళ్లది యంత్రం గొడవ: వందేళ్ల నాటి సాదా అమరిక మేలా, ఇప్పటి లాక్ అమరిక మేలా? లైసెన్సు చేతికొచ్చినవాళ్లది, లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నవాళ్లది తూటా గొడవ: పాయింట్ 32 బోరు సరిపోతుందా, చాలదా? ఫిల్మ్‌నగర్‌లో నడిచేది మరొకటి: షూటింగ్‌లో నటుడి చేతికి అసలు పిస్టల్ ఇవ్వాలా, బుల్లెట్ లేని బ్లాంక్ తూటా పేల్చేది ఇవ్వాలా, రబ్బరు డమ్మీ ఇచ్చి మిగతాది సీజీకి వదిలేయాలా?

ఈ మూడు చర్చల్లోనూ మాటిమాటికీ వచ్చే ఆయుధం మాత్రం ఒకటే. జర్మనీకి చెందిన వాల్తర్ కంపెనీ పీపీకే. దాని గుణదోషాలను ఒక చర్చలోంచి తీసి ఇంకో చర్చలో వాడటం వల్లే చిక్కు పెరిగింది. పోలీసుకు పనికిరాదని తేలిన తుపాకీ తెర మీద గొప్పగా పనికిరావచ్చు. తెర మీద వెలిగిన తుపాకీని ఆత్మరక్షణకు కొనుక్కోవాలని అనుకోవడం పొరపాటే కావచ్చు. అందుకే ఏ పనికి ఏది అన్న ప్రశ్నను పట్టుకుని, మొదటి నుంచీ వరుసగా చూడటం అవసరం.

గూఢచారితో వచ్చిన పేరు

ఇయాన్ ఫ్లెమింగ్ తన గూఢచారి జేమ్స్‌బాండ్‌కు మొదటి నవలల్లో పాయింట్ 25 బోరు బెరెట్టా ఇచ్చాడు. అది మరీ చిన్నదని 1956లో జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు ఆయనకు ఉత్తరం రాశాడు. 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’ నవలలో బాండ్ చేతికి వాల్తర్ పీపీకే వచ్చింది. 1962లో అదే నవల సినిమా అయింది. ఆ సినిమాలో మాటల్లో వినపడేది పీపీకే, షాన్ కానరీ చేతిలో కనపడేది దానికి అన్నలాంటి పీపీ. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ ప్రచారానికి తీసిన ప్రసిద్ధ ఫొటోలో ఉన్నదైతే వాల్తర్ ఎల్‌పీ 53 అనే గాలి పిస్టల్. ఫొటో తీసే వేళకు అసలుది అందుబాటులో లేకపోవడంతో దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. ప్రపంచంలో అతి ఎక్కువమంది చూసిన ‘పీపీకే’లలో ఒకటి పీపీకే కానే కాదన్నమాట. ఈ సంగతి తర్వాత సెట్ల చర్చలో పనికొస్తుంది.

ఆ గాలి తెలుగుకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1966లో ‘గూఢచారి 116’ వచ్చింది, కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యాడు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ‘జేమ్స్‌బాండ్ 777’ వచ్చింది. అదే ఏడు అదే దర్శకుడితో ఆరుద్ర రచనలో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ కౌబాయ్ రివాల్వర్‌ను తెలుగు తెరకు తెచ్చింది. కృష్ణ సంస్థ పద్మాలయా తర్వాత హైదరాబాద్‌లో స్టూడియో కట్టుకోవడం, పరిశ్రమ మద్రాసు వదిలి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద స్థిరపడటం తెలిసిన చరిత్రే. చిరంజీవి ‘గూఢచారి నెం.1’ 1983లో, ‘రుద్రనేత్ర’ 1989లో వచ్చాయి.

ఆ తర్వాత పిస్టల్ కాస్త వెనక్కి తగ్గింది. 1989లో ‘శివ’ సైకిల్ చెయిన్‌ను ఆయుధం చేసింది. ‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’, ‘ఆది’, ‘ఇంద్ర’ల కాలంలో వేటకొడవళ్లు, నాటుబాంబులు రాజ్యమేలాయి. 2005లో ‘అతడు’, 2006లో ‘పోకిరి’ వచ్చాక హీరో చేతిలో పిస్టల్ మళ్లీ మామూలైపోయింది. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’తో పాత గూఢచారి కథే కొత్త హంగులతో తిరిగొచ్చింది. తెలుగు సినిమాలో పిస్టల్ చరిత్ర అంటే చాలావరకు నగరం కథల చరిత్ర. పల్లె కథలకు కొడవలి, నగరం కథలకు పిస్టల్ అనే పంపకం ఇప్పటికీ పెద్దగా మారలేదు.

బ్రౌనింగ్ వేసిన పునాది

జేబు పిస్టల్ మూలం అమెరికన్ రూపకర్త జాన్ బ్రౌనింగ్ దగ్గరుంది. బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీ తయారు చేసిన ఆయన 1900 మోడల్‌తోనే 7.65 మి.మీ. తూటా పుట్టింది. మనం పాయింట్ 32 పిస్టల్ తూటా అంటున్నది దాన్నే. తర్వాత కోల్ట్ కంపెనీకి 1903 మోడల్, ఎఫ్‌ఎన్‌కు 1910 మోడల్ ఇచ్చాడు. 1914 జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపింది ఎఫ్‌ఎన్ 1910తోనే. స్ప్రింగును బ్యారెల్ చుట్టూ చుట్టి, పిస్టల్‌ను సన్నగా చేసే ఉపాయం ఆ మోడల్‌లోనే కుదిరింది.

బ్రౌనింగ్ జేబు పిస్టళ్లకు ఒక ఇబ్బంది ఉండేది. మొదటి తూటా వెంటనే పేలాలంటే పిస్టల్‌ను ముందే ఎక్కుపెట్టి, సేఫ్టీ పెట్టి జేబులో వేసుకోవాలి. అది ప్రమాదం. ఎక్కుపెట్టకుండా పెట్టుకుంటే అవసరానికి స్లైడ్ లాగే వ్యవధి ఉండదు. 1929లో వచ్చిన వాల్తర్ పీపీ దీనికి జవాబు చెప్పింది. రివాల్వర్‌లో లాగా ట్రిగ్గర్ లాగితే చాలు, హ్యామర్ దానంతటదే లేచి పడుతుంది. ఈ పద్ధతిని అంతకుముందు ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. బజారులో నెగ్గించింది మాత్రం వాల్తరే. యూనిఫాం లేకుండా తిరిగే పోలీసుల కోసం దాన్నే కురచ చేస్తే పీపీకే అయింది.

పీపీకే లోపల

పీపీకే పొడవు సుమారు 155 మి.మీ., బ్యారెల్ 83 మి.మీ., బరువు 600 గ్రాములకు కాస్త తక్కువ. పీపీ పొడవు 170 మి.మీ. 7.65లో పీపీకే మ్యాగజైన్ 7 తూటాలు పడుతుంది, 9 మి.మీ. షార్ట్‌లో 6.

బ్యారెల్ ఫ్రేమ్‌లో కదలకుండా బిగించి ఉంటుంది. తూటా పేలగానే వాయువు ఒత్తిడి బుల్లెట్‌ను ముందుకూ ఖాళీ షెల్‌ను వెనక్కూ నెడుతుంది. ఆ వెనుక తాకిడిని ఆపేవి రెండే: స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు. ఎక్కడా తాళం లేదు. బుల్లెట్ గొట్టం దాటేదాకా స్లైడ్ తన బరువుతో నిలబడుతుంది, తర్వాత వెనక్కి జరిగి షెల్‌ను బయటకు విసిరేసి కొత్త తూటాను లోపలికి తోస్తుంది. భాగాలు తక్కువ, బ్యారెల్ కదలదు కాబట్టి గురి బాగుంటుంది. దీనికి కట్టే మూల్యం ఏమిటంటే, తూటా బలం పెరిగిన కొద్దీ స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు పెంచుతూ పోవాలి. జేబులో పట్టే పిస్టల్‌లో దానికి హద్దుంది. అందుకే ఈ కుటుంబం 9 మి.మీ. షార్ట్ దగ్గర, మహా అయితే రష్యా మకరోవ్ తూటా దగ్గర ఆగిపోయింది.

స్లైడ్ మీద ఎడమవైపు మీట ఉంటుంది. దాన్ని దించితే హ్యామర్ తూటాకు తగలకుండా క్షేమంగా కిందికి దిగుతుంది. తూటా లోపల ఉంటే హ్యామర్ పైన చిన్న సూది బయటకు పొడుచుకొస్తుంది, చీకట్లో బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. విప్పదీయడానికి ట్రిగ్గర్ గార్డును కిందికి లాగి, స్లైడ్‌ను వెనక్కి లాగి పైకెత్తితే చాలు. చివరి తూటా పేలాక స్లైడ్ వెనక్కే ఆగిపోతుంది, కానీ దాన్ని వదిలే మీట బయట ఎక్కడా లేదు. నిండు మ్యాగజైన్ పెట్టి స్లైడ్‌ను వెనక్కి లాగి వదలాల్సిందే. మొదటి తూటాకు ట్రిగ్గర్ మీద సుమారు 6 కిలోల బలం పెట్టాలి, రెండోదానికి అందులో సగం చాలు. ఈ తేడాకు చెయ్యి అలవాటు పడకపోతే మొదటి గురి తప్పుతుంది. పెద్ద చేతులవాళ్లకు ఇంకో బాధ కూడా: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని వెనక్కొచ్చే స్లైడ్ కొరుకుతుంది.

ఒక పేరు, అనేక రూపాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాల్తర్ ఫ్యాక్టరీ ఉన్న జెల్లా-మెహ్లిస్ సోవియట్ ఆధీనంలోకి వెళ్లింది. జర్మనీలో ఆయుధాల తయారీ మీద నిషేధం పడింది. దాంతో 1952 నుంచి 1986 దాకా ఫ్రాన్స్‌కు చెందిన మాన్యురిన్ లైసెన్సు మీద పీపీ, పీపీకేలు తయారు చేసింది. వాల్తర్ పశ్చిమ జర్మనీలోని ఉల్మ్‌లో మళ్లీ నిలదొక్కుకుంది. ఆ రోజుల్లో ఉల్మ్ ముద్రతో వచ్చిన పిస్టళ్లలో ఫ్రాన్స్‌లో తయారైన భాగాలుండేవి. సేకరణకర్తల మధ్య ఏది ‘అసలు జర్మన్’ అన్న వాదన అక్కడ మొదలై ఇంకా ఆగలేదు.

1968లో అమెరికా తుపాకుల నియంత్రణ చట్టం తెచ్చింది. దిగుమతికి పెట్టిన కొలతల పట్టికలో పీపీకే నిలవలేదు. వాల్తర్ పీపీ ఫ్రేమ్ మీద పీపీకే స్లైడ్ పెట్టి పీపీకే/ఎస్ తయారు చేసింది. ఎత్తు కాస్త పెరిగింది, మ్యాగజైన్‌లో ఇంకో తూటా పట్టింది. పీపీకేకు పిడి వెనుకభాగం ప్లాస్టిక్ తొడుగే, పీపీకే/ఎస్‌కు అక్కడ ఉక్కు ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా పట్టుకునే సులువైన గుర్తు ఇదే. ఒక దేశపు చట్టం కోసం పుట్టిన మోడల్ చివరికి అసలు మోడల్‌కన్నా చేతికి బాగా కుదిరిందని చాలామంది అభిప్రాయం, అది న్యాయమైన మాటే. తర్వాత అమెరికాలోనే ఇంటర్‌ఆర్మ్స్, ఆపైన 2002 నుంచి స్మిత్ అండ్ వెసన్ తయారీ చేపట్టాయి. హ్యామర్ సేఫ్టీలో లోపం వల్ల 2009లో స్మిత్ అండ్ వెసన్ తన పిస్టళ్లను వెనక్కి పిలిపించింది. ఇప్పుడు వాల్తర్ సొంత ఫ్యాక్టరీ ఆర్కాన్సా రాష్ట్రంలో ఉంది.

ఈ కుటుంబానికి దూరపు బంధువులు ఎక్కువ. హంగరీ, పోలండ్, టర్కీ, రుమేనియాల్లో పీపీని చూసి పీపీలు పుట్టాయి. వాటన్నిటిలోకీ ఘనమైనది 1951లో సోవియట్ సైన్యం స్వీకరించిన మకరోవ్. భాగాల సంఖ్య తగ్గించి, తూటా బలం కొంచెం పెంచి, మోటు వాడకానికి తట్టుకునేలా చేశారు. సొగసులో పీపీకేదే పైచేయి, మొండితనంలో మకరోవ్‌ది.

పీపీకే మీద ప్రశ్న ఎప్పుడు పుట్టింది?

1974 మార్చి 20న లండన్‌లో బ్రిటన్ యువరాణి ఆన్‌ను అపహరించే ప్రయత్నం జరిగింది. ఆమె అంగరక్షకుడు జేమ్స్ బీటన్ చేతిలోని వాల్తర్ పీపీకే జామ్ అయింది. అతను ఒంటి మీద తూటాలు తింటూ యువరాణిని కాపాడాడు. ఆ తర్వాత బ్రిటన్ పోలీసు రక్షణ విభాగం పీపీకేకు సెలవిచ్చింది. జర్మనీలో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఊచకోత తర్వాత పోలీసులు 7.65ను పక్కనపెట్టి 9 మి.మీ. పారాబెల్లమ్ పిస్టళ్ల వైపు మళ్లారు. పుట్టిన దేశంలో, సినిమా పేరు తెచ్చిన దేశంలో, రెండు చోట్లా పోలీసులే దాన్ని వదిలేశారు. వెండితెర మీద మాత్రం అది ఇంకో ఇరవై ఏళ్లకు పైగా బాండ్‌ను వదల్లేదు. 1997లో పక్కకు తప్పుకుని, 2008లో మళ్లీ తిరిగొచ్చింది.

లెక్క కూడా పోలీసుల పక్షానే ఉంది. 7.65 తూటా శక్తి సుమారు 200 జౌళ్లు, 9 మి.మీ. పారాబెల్లమ్ శక్తి 500 జౌళ్లకు అటూ ఇటూ.

లాక్ అమరిక పక్షం

బలమైన తూటాను చిన్న పిస్టల్‌లో ఇమడ్చాలంటే స్లైడ్, బ్యారెల్ క్షణకాలం ఒకదానికొకటి తాళం పడి కలిసి వెనక్కి జరగాలి, ఒత్తిడి తగ్గాక విడిపోవాలి. ఈ ఉపాయానికీ మూలపురుషుడు బ్రౌనింగే. మొదట్లో ఇది పెద్ద పిస్టళ్లకే పరిమితమైంది. 1988లో గ్లాక్ 19, 1990ల మధ్యలో ‘బేబీ గ్లాక్’ అనిపించుకున్న గ్లాక్ 26 వచ్చాక పరిస్థితి మారింది. ప్లాస్టిక్ ఫ్రేమ్ బరువు తగ్గించింది, బయట హ్యామర్ లేదు, బొటనవేలితో తిప్పే సేఫ్టీ లేదు, ప్రతి తూటాకూ ట్రిగ్గర్ లాగుడు ఒకటే.

పీపీకే అభిమానుల చివరి వాదన ‘అంత చిన్నగా ఇంకేదీ ఉండదు’ అనేది. 2018లో సిగ్ సావర్ పీ365 ఆ వాదనకూ తెరదించింది. దాని పొడవు సుమారు 147 మి.మీ., బరువు 500 గ్రాముల చుట్టుపక్కల, మ్యాగజైన్‌లో 10 తూటాలు, అదీ 9 మి.మీ. పారాబెల్లమ్. పీపీకే కన్నా కురచ, తేలిక, బలం రెండింతలకు పైగా. యంత్రం దృష్టితో చూస్తే చర్చ ఇక్కడితో ముగిసిందనే నా నిర్ణయం. పాత పక్షానికి మిగిలిన న్యాయమైన మాట ఒక్కటే: మొదటి ట్రిగ్గర్ బరువుగా ఉండటం కంగారులో వేలు జారకుండా కాపాడుతుంది. సేఫ్టీ మీట లేని పిస్టల్ శిక్షణ లేని చేతిలో పడితే ఏమవుతుందన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు.

మన చట్టం గీసిన గీత

ఇంతవరకూ చెప్పింది బయటి ప్రపంచం సంగతి. జూబ్లీహిల్స్‌లో ఉండే నిర్మాతకైనా, వరంగల్ వ్యాపారికైనా ఈ ఎంపిక లేదు. 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం 9 మి.మీ. నిషిద్ధ బోరు, సైన్యానికీ పోలీసులకూ కేటాయించింది. సామాన్య లైసెన్సుదారుడికి చిన్న ఆయుధాల్లో దక్కేది ప్రధానంగా పాయింట్ 32. ప్రైవేటు వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. అందుకే అంతకుముందు దేశంలోకి వచ్చిన పాత బ్రౌనింగ్‌లు, వాల్తర్‌లు చేతులు మారుతూ భారీ ధరలు పలుకుతుంటాయి. యూరప్ పోలీసులు యాభై ఏళ్ల కిందట వదిలేసిన పీపీకే ఇక్కడ హోదాకు గుర్తుగా మిగలడానికి కారణం దాని గొప్పతనం కన్నా మన బజారు మూసుకుపోవడమే.

స్వదేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు పాయింట్ 32లో అశని పిస్టల్, రివాల్వర్లు తయారు చేస్తున్నాయి. మహిళల కోసమని 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ ధర అప్పట్లోనే 1.22 లక్షల రూపాయల పైమాట. ఆ ధరకు ఏ మహిళల భద్రత పెరుగుతుందన్న విమర్శ వచ్చింది, అది సబబైన విమర్శే. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. సంబరాల్లో గాల్లోకి కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

పాయింట్ 32 చాలదనే పక్షం జౌళ్ల లెక్క చూపిస్తుంది. చాలుననే పక్షం గురి ముఖ్యమంటుంది, తక్కువ వెనుక తాకిడి వల్ల కొత్తవాళ్లూ సరిగా కాల్చగలరంటుంది. రెండు పక్షాలూ ఒక విషయాన్ని దాటేస్తాయి. ఇంట్లో ఉన్న తుపాకీ ఏ బోరుదైనా, అది ఎక్కడ దాచారు, ఎవరి చేతికి అందుతుంది అన్నదే మొదటి ప్రశ్న. 2004 జూన్‌లో జూబ్లీహిల్స్‌లో ఒక సినీ ప్రముఖుడి ఇంట్లో కాల్పులు జరిగి ఇద్దరు గాయపడినప్పుడు నగరమంతా మాట్లాడింది ఆ ప్రశ్న గురించే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీసులకు అప్పగించమనడం కూడా అందుకే.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. డీఆర్‌డీవో, సైన్యం కలిసి రూపొందించి 2021లో చూపిన 9 మి.మీ. ‘అస్మీ’ మెషిన్ పిస్టల్‌ను తయారు చేస్తున్నది హైదరాబాద్‌కు చెందిన లోకేష్ మెషీన్స్. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 తీసుకుంది. ఇది జేబు ఆయుధం కాదు, పౌరులకు దొరికేదీ కాదు. అయినా చిన్న ఆయుధాల రూపకల్పన, తయారీ మన ఊరి పని కూడా అయిందన్న నిజాన్ని ఈ చర్చలో ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

సెట్ మీద ఏది ఉండాలి?

అన్నిటికన్నా ఎక్కువ తికమక ఇక్కడే. ఒక పక్షం అసలు ఆయుధాన్నో, దాన్ని మార్చి బ్లాంక్ మాత్రమే పేల్చేలా చేసినదాన్నో కోరుకుంటుంది. వాళ్ల వాదనలో పస ఉంది. చేతిలో బరువు, వెనుక తాకిడి, ఎగిరే షెల్, మొహం మీద పడే మెరుపు ఉంటే నటుడి కళ్లు, భుజం వాటంతటవే స్పందిస్తాయి. రబ్బరు తుపాకీ పట్టుకుని చెయ్యి ఊపితే ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు. యంత్రం సంగతి కూడా ఇక్కడ తగులుతుంది. లాక్ అమరిక పిస్టళ్లు ఉత్త బ్లాంక్‌తో సరిగా తిరగవు, వాటిని ప్రత్యేకంగా మార్చాలి. అందుకే హాలీవుడ్‌లో చాలాకాలం ఏ పిస్టల్ తెర మీద కనపడాలన్నది కథ కన్నా ఏది బ్లాంక్‌తో సులువుగా తిరుగుతుందన్నదే నిర్ణయించింది.

రెండో పక్షం చేతిలో చావుల జాబితా ఉంది. 1984లో నటుడు జాన్-ఎరిక్ హెక్సమ్ బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ను సరదాకు తలకు ఆనించి పేల్చుకుని చనిపోయాడు. బుల్లెట్ లేకపోయినా దగ్గర్నుంచి వాయువు దెబ్బే ప్రాణం తీస్తుంది. 1993 మార్చి 31న ‘ది క్రో’ షూటింగ్‌లో బ్రాండన్ లీ ప్రాణం పోయింది. డమ్మీ తూటాలోంచి ఊడి బ్యారెల్‌లో ఇరుక్కున్న ముక్కను తర్వాత పేల్చిన బ్లాంక్ బయటకు తోసింది. 2021 అక్టోబర్ 21న ‘రస్ట్’ సెట్‌లో అసలు తూటా తగిలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించింది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో శిక్ష పడింది. ఆ ఘటన తర్వాత ‘ది రూకీ’ లాంటి టీవీ సీరియల్ పేలే ఆయుధాలను పూర్తిగా మానేసి, గ్యాస్‌తో స్లైడ్ కదిలే బొమ్మ పిస్టళ్లకు సీజీ మెరుపు జోడించడానికి మారింది.

ఆ మధ్యేమార్గం మనకు ఎందుకు కుదరదు? ఫిల్మ్‌నగర్‌కు ఆ స్తోమత ఎప్పుడో వచ్చింది. 2012లో ‘ఈగ’కు ఒక ఈగను నటుడిగా నిలబెట్టింది హైదరాబాద్‌లోని మకుట సంస్థ. ఈగ కళ్లలో కోపం చూపించగలిగిన ఊరికి పిస్టల్ మొనన మెరుపు చూపించడం కష్టమా? గ్యాస్ పిస్టల్ స్లైడ్ వెనక్కి కొడుతుంది, చివరి గుండు అయిపోతే తెరుచుకుని ఆగుతుంది, నటుడి చేతికి కావలసిన తాకిడిలో చాలా భాగం దొరుకుతుంది. బాండ్ గాలి పిస్టల్ పట్టుకుని నిలబడ్డ ఫొటో అరవై ఏళ్లుగా నిలిచింది. తెరకు కావలసింది ఆకారం, బరువు, వాడే తీరు.

ఆ వాడే తీరులోనే మన సినిమాలు వెనకబడ్డాయి, ఇది బాధపడాల్సిన విషయం. బయట హ్యామర్ లేని గ్లాక్ ఎత్తగానే ‘క్లిక్’మని హ్యామర్ చప్పుడు వినిపిస్తారు. ఏడెనిమిది తూటాల పిస్టల్ ఇరవైసార్లు పేలుతుంది. స్లైడ్ తెరుచుకుని ఆగిపోయిన పిస్టల్ పక్క షాట్‌లో మళ్లీ మూసుకుని కనపడుతుంది. వీటిని సరిచేయడానికి అసలు తుపాకీ అక్కర్లేదు, పది నిమిషాల రిహార్సల్ చాలు. మ్యాగజైన్ ఖాళీ అయిన క్షణమే మంచి దర్శకుడికి ఒక సన్నివేశం.

పోల్చి చూస్తే

తూటాల లెక్క, బలం, ప్రతిసారీ ఒకేలా ఉండే ట్రిగ్గర్, ఈ మూడింటిలో లాక్ అమరిక పిస్టల్ ముందుంది. గురి, భాగాల పొందిక, మొదటి లాగుడులోని జాగ్రత్త పాత అమరిక పక్షాన ఉన్నాయి. నేర్చుకునే చేతికి తక్కువ తాకిడి పాయింట్ 32 ఇస్తుంది, ఆపత్సమయంలో భరోసా మాత్రం అంతగా ఇవ్వదు. మన లైసెన్సుదారుడికి ఈ తులనాత్మక లెక్కలన్నీ పుస్తకాల మాటలే, చట్టం ముందే ఎంపిక చేసి పెట్టింది. సెట్ విషయానికొస్తే బ్లాంక్ ఆయుధం నటనకు సాయం చేస్తుంది, ప్రాణాలకు ముప్పు తెస్తుంది. రబ్బరు డమ్మీ భద్రం, నిర్జీవం. గ్యాస్ బొమ్మకు సీజీ జోడిస్తే ఖర్చు కొంచెం పెరుగుతుంది, మిగతా రెంటి నష్టాలూ చాలావరకు తగ్గుతాయి.

ఇంకా తేలనివి

సేఫ్టీ మీట ఉండాలా వద్దా అన్నది ప్రపంచమంతా తేలని ప్రశ్న. సిగ్ సావర్ పీ320 కింద పడితే పేలుతోందన్న ఫిర్యాదులతో 2017లో కంపెనీ మార్పులు చేయాల్సి వచ్చాక ఆ వాదన ఇంకా వేడెక్కింది. పాయింట్ 32కు మించిన బోరు పౌరులకు ఇవ్వాలన్న కోరిక మన దేశంలో అప్పుడప్పుడూ వినపడుతుంది. దాచే పద్ధతి, శిక్షణ ముందు గట్టిపడకుండా ఆ తలుపు తెరవడం నాకు సమ్మతం కాదు.

సెట్ మీద తుపాకీకి బాధ్యులెవరన్నది మరో ప్రశ్న. ఆయుధం ఆర్ట్ డిపార్ట్‌మెంట్ సామానులో వస్తుంది, ఫైట్ మాస్టర్ చేతుల మీదుగా నటుడికి చేరుతుంది, షాట్ ఓకే అయ్యాక ఏ అసిస్టెంట్ చేతిలోనో ఉంటుంది. ఇరవై నాలుగు క్రాఫ్టుల పేర్లలో ఆయుధ సంరక్షకుడన్న పేరు లేదు.

తెలుగు ఫిల్మ్ ఛాంబర్, ఎంప్లాయీస్ ఫెడరేషన్, ఫైటర్స్ యూనియన్ కలిసి కూర్చుంటే దీనికి పెద్ద పుస్తకం అక్కర్లేదు. అసలు తూటా పేల్చగలిగే ఏ ఆయుధమూ సెట్ గేటు దాటకూడదు. బ్లాంక్ తప్పనిసరి అయితే దానికి ఒక్కరే బాధ్యులుండాలి, వాళ్ల పేరు కాల్‌షీట్‌లో ఉండాలి. డమ్మీ అయినా సరే ప్రతి షాట్‌కు ముందు అందరి ఎదుటా తెరిచి చూపించాలి. తర్వాతి షెడ్యూలు మొదలయ్యేలోపు ఈ మూడు నియమాలూ రాసుకుని, సంతకాలు పెట్టి, ప్రతి ఫ్లోర్ గోడకూ అంటించండి.